మొదటి చుక్కకే నురగ

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రెండో రోజున వసుమతి తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని అప్పగించింది. ఒక్కొక్కరూ ఇంటి నుంచి రెండు సీసాల నీళ్ళు తేవాలి. ఒకటి స్నానాల గది కొళాయిది, ఒకటి వంటింటి కొళాయిది. ఏది ఏదో కాగితం మీద రాసి అంటించాలి. కఠిన జలం పాఠానికి ఆమె ఏటా చెప్పే పనే ఇది. ఏటా ఎవడో ఒకడు "నీళ్ళు తక్కువ పడితే మా ఇంట్లో ఊకోరు టీచర్" అనేవాడు, అందరూ నవ్వేవాళ్ళు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. నాలుగు నెలల క్రితం టీచరు భర్త పోయారని వాళ్ళకు తెలుసు. ఆమె ముందు అల్లరి చెయ్యొద్దని పెద్దవాళ్ళెవరో చెప్పి ఉంటారు. ఆ బుద్ధిమంతుల మౌనం ఆమెకు అల్లరి కన్నా కష్టంగా ఉంది.

మర్నాడు పంజాగుట్టలోని ఆ బడి ల్యాబులో బల్ల మీద సీసాలు బారులు తీరాయి. బోరబండ నుంచి వచ్చేవాళ్ళవి, బేగంపేట వాళ్ళవి, అమీర్‌పేటలో హాస్టళ్ళ వెనక సందులవి. కూల్‌డ్రింకు సీసాలు, దగ్గుమందు సీసాలు. ఒకడు మాత్రం మూత బిగించిన టిఫిన్ గిన్నె పట్టుకొచ్చాడు.

"సీసాలో తెమ్మంటే గిన్నెలో తెచ్చావేంట్రా?"

"సీసాలన్నిట్ల నూనెనే ఉంది టీచర్. పారబోస్తనంటే అమ్మ కొట్టనీకొచ్చింది."

తరగతి ఒక్కసారిగా నవ్వింది. వసుమతికి కొంచెం ఊపిరాడినట్టయింది.

పద్ధతి తేలికే. పరీక్షనాళికలో కొద్దిగా నీళ్ళు తీసుకుని సబ్బునీళ్ళు ఒక్కో చుక్క వేస్తూ గట్టిగా కుదపాలి. నిమిషంసేపు నిలిచే నురగ ఎన్నో చుక్కకు వచ్చిందో రాసుకోవాలి. స్నానాల గదుల బోరు నీళ్ళకు ముప్ఫై చుక్కలు వేసినా నురగ రాలేదు, తెల్లటి తెట్టు తేలింది. వంటిళ్ళకు మున్సిపాలిటీ వదిలే మంజీరా నీళ్ళకు ఆరేడు చుక్కలు పట్టాయి. తర్వాత బోరు నీళ్ళలో చిటికెడు చాకలి సోడా వేయించింది. నీళ్ళు పాలలా అయ్యాయి. వాటిని వడపోసి మళ్ళీ సబ్బునీళ్ళు వేస్తే మూడో చుక్కకే నురగ పొంగింది. పిల్లలు తమాషా చూసినట్టు చూశారు.

బల్ల చివర దివ్యశ్రీ నిలబడి ఉంది. వసుమతి ఉండే అపార్ట్‌మెంటులోనే మొదటి అంతస్తు పిల్ల. దాని రికార్డులో రెండు అంకెలున్నాయి. స్నానాల గది: ఒకటి. వంటిల్లు: ఒకటి.

"రెండు సీసాల్లోనూ ఒకే కొళాయి నీళ్ళు పట్టావు" అంది వసుమతి.

"లేదు టీచర్. నేనే పట్టిన. నాయనమ్మ సుత పక్కనే నిలబడ్డది."

"అయితే కాగితాలు తారుమారు చేసి ఉంటావు."

"రెండూ ఒకటే వచ్చినంక తారుమారైతే ఏమైతది టీచర్?"

పిల్ల తలపొగరుతో అన్నది కాదు. నిజంగానే అడిగింది.  వసుమతి ఎర్ర పెన్నుతో 'మళ్ళీ చేయాలి' అని రాసి రికార్డు తిరిగిచ్చేసింది.

ఆ అంకె తప్పని ఆమెకు గట్టి నమ్మకం. ఎందుకంటే ఆ అపార్ట్‌మెంటులో ఏ గొట్టం ఎటు పోతుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రెండేళ్ళ క్రితం బోరు నీళ్ళను మెత్తబరిచే యంత్రం పెట్టించింది ఆమే. అంతకుముందు బకెట్ల అడుగున తెల్లటి పెచ్చులు కట్టేవి, గీజర్లు ఆర్నెల్లకోసారి పాడయ్యేవి, ఆడవాళ్ళందరూ జుట్టు ఊడిపోతోందని గోలపెట్టేవారు. మీటింగులో ఆమె లేచి, తరగతిలో చెప్పినట్టే చెప్పింది. యంత్రంలో గోధుమరంగు పూసలుంటాయి. అవి నీళ్ళలోని కాల్షియాన్ని పట్టుకుని, బదులుగా సోడియాన్ని వదులుతాయి. సోడియమంటే మనం తినే ఉప్పులో ఉండేదే. పూసలు అలిసిపోయినప్పుడు ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ పనిచేస్తాయి. అందుకే ఈ నీళ్ళు ఒంటికీ బట్టలకూ మంచివి, తాగడానికీ వంటకీ వద్దు. ముఖ్యంగా ఉప్పు మానెయ్యమన్న రోగులున్న ఇళ్ళలో అసలే వద్దు. మినిట్స్ పుస్తకంలో తన చేతి రాతతోనే రాసింది: వంటింటి కొళాయిలకు మంజీరా నీళ్ళు మాత్రమే రావాలి. యంత్రం గొట్టం కలపరాదు.

ఉప్పు మానెయ్యమన్న రోగి అప్పట్లో ఆమె ఇంట్లోనే ఉన్నారు. ఆ వాక్యం ఆమె రాసింది భర్త హనుమత్ప్రసాద్ కోసమే.

సాయంత్రం బడి నుంచి వచ్చేటప్పుడు ల్యాబులోని సబ్బునీళ్ళ సీసా, ఒక పరీక్షనాళిక, డ్రాపరు రుమాలులో చుట్టి చేతిసంచిలో వేసుకుంది. పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు షేర్ ఆటో ఎక్కి, కోచింగ్ సెంటర్ల ముందు గుంపులు కట్టిన పిల్లల్ని తప్పించుకుంటూ సందులోకి నడిచింది. ఇంట్లో చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. కొళాయి తిప్పి నాళికలో నీళ్ళు పట్టింది. ఒక చుక్క వేసి, బొటనవేలితో మూసి కుదిపింది.

నురగ నాళిక అంచుదాకా లేచింది. దట్టంగా, తెల్లగా, కదలకుండా నిలబడింది. గోడ గడియారంలో నిమిషం ముల్లు జరిగింది. నురగ తగ్గలేదు.

నీళ్ళు పారబోసి, నాళిక కడిగి, రెండోసారి చేసింది. తర్వాత స్టవ్ పక్కన ఉన్న చిన్న స్టూలు మీద కూర్చుంది. ఆ స్టూలు ఆయనది. ఆమె వంట చేస్తుంటే ఆయన దాని మీద కూర్చుని పేపరు చదివేవారు.

హనుమత్ప్రసాద్ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. గుండె బలహీనపడిందని డాక్టరు ఉప్పు కట్టడి చేశారు. రోజు మొత్తానికి ఒక చిన్న చెంచా, అంతే. నీళ్ళు లీటరుంబావు. పొద్దున్నే బరువు చూసుకుని పుస్తకంలో రాయాలి. వసుమతి బడి నుంచి ఒక కొలత చెంచా తెచ్చుకుంది. ఆ రోజుకి కొలిచిన ఉప్పును చిన్న గిన్నెలో పోసి, పప్పులోకీ కూరలోకీ దాంట్లోంచే చిటికెలు పంచేది. "నీ ల్యాబులో నేను కుందేలునా వసూ?" అనేవారాయన. అని తినేవారు. ఏడాదిపాటు బరువు కదల్లేదు. డాక్టరు కూడా మెచ్చుకున్నారు.

ఏప్రిల్ మధ్యలో పాదాలు ఉబ్బడం మొదలైంది. పుస్తకంలో అంకె పెరుగుతూ పోయింది. ఉప్పు గిన్నె అదే, చెంచా అదే. అయితే తేడా ఎక్కడుంది? వసుమతికి ఒకటే తోచింది.

"బయట ఏం తింటున్నారు?"

"ఏమీ తినట్లేదు."

"మైత్రీవనం దగ్గర మిర్చిబజ్జీల బండి మీ కోసం ఎదురుచూస్తుంటుందిగా."

"వాసన చూస్తాను. అది కూడా ఉప్పు కిందే లెక్కా?"

ఆమె నవ్వలేదు. ఒకరోజు ఉతకడానికి తీసిన చొక్కా జేబులో పల్లీలు కట్టిన కాగితం దొరికింది. లోపల ఉప్పు రేణువులు మెరుస్తున్నాయి. కాగితాన్ని భోజనాల బల్ల మీద, ఆయన కంచం పక్కన పెట్టింది.

"ఇవి నాకు కాదు. రాఘవేందర్‌కి కొన్నాను" అన్నారాయన.

"వాచ్‌మన్‌కి మీరు పల్లీలు కొనడమేంటండీ?"

"తినలేదు వసూ. ఒట్టు."

"ఒట్లు చిన్నపిల్లలు పెట్టుకుంటారు. ఒంట్లో చేరిన నీరు అబద్ధం చెప్పదు."

ఆ మాట ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆ తర్వాత పచ్చళ్ళ జాడీలు అలమరలో పెట్టి తాళం వేసింది. సాయంత్రం నడక మాన్పించింది. ఆయన వాదించలేదు. స్టూలు మీద కూర్చుని, పేపరు ముఖానికి కాస్త ఎత్తుగా పట్టుకుని చదివేవారు. మధ్యలో ఒకసారి, "ఈ మధ్య ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరట్లేదు" అన్నారు. "కొలతేగా తాగాల్సింది, అలాగే ఉంటుంది" అంది ఆమె. జూన్ మూడోవారంలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఐదో రోజున పోయారు. ఆ ఐదు రోజుల్లోనూ పల్లీల కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు.

చేతిసంచిలోంచి తెల్లకాగితం, పెన్ను తీసి వసుమతి లెక్క వేసింది. బోరు నీళ్ళ కాఠిన్యం లీటరుకు ఆరువందల మిల్లీగ్రాములని పరీక్ష చేయించినప్పుడు తేలింది. దాన్ని యంత్రం మారిస్తే లీటరుకు సుమారు రెండువందల డెబ్బై ఆరు మిల్లీగ్రాముల సోడియం. ఆయన తాగిన లీటరుంబావు, అన్నంలోకీ పప్పులోకీ మరో అర లీటరు. అంతా కలిపి రోజుకు గ్రాముకు పైగా ఉప్పుతో సమానం. ఆమె చెంచాతో తగ్గించిన చిటికెలను కొళాయి తిరిగి వేస్తూ వచ్చింది. అంత మాత్రంతోనే మనిషి పోతాడని ఏ డాక్టరూ అనడు. అంత మాత్రానికి పాదాలు ఉబ్బవనీ ఏ డాక్టరూ అనడు.

అయితే అదంతా కొళాయి ఎప్పటినుంచి మారిందన్న దాని మీద ఉంది. జులైలో మారి ఉంటే ఆయనకు ఈ నీళ్ళతో సంబంధమే లేదు. అలాంటప్పుడు ఆయన బయట తిన్నట్టే, ఆమె అన్నది నిజమే అయినట్టు. ఏప్రిల్‌కు ముందే మారి ఉంటే ఆయన చెప్పింది నిజం. ఏది నిజం కావాలని కోరుకోవాలో ఆమెకు తెలియలేదు.

కళ్ళు స్టవ్ పక్కనున్న కెటిల్ మీద పడ్డాయి. దాని అడుగున ఎప్పుడూ ఉండే తెల్లటి పొర చాలాకాలంగా లేదు. కందిపప్పు నాలుగు కూతలకు ఉడికేది, ఈ మధ్య రెండు కూతలకే మెత్తబడిపోతోంది. కొత్త పప్పు మంచిదొచ్చిందని వేసవిలో సంతోషించింది కూడా. ముప్ఫై ఏళ్ళుగా కెమిస్ట్రీ చెప్తున్న మనిషి, కాల్షియం లేని నీళ్ళలోనే పప్పు అంత త్వరగా ఉడుకుతుందని ఒక్కసారీ అనుకోలేదు.

కిందికి దిగింది. వాచ్‌మన్ రాఘవేందర్ మోటారు గది ముందు కుర్చీ వేసుకుని ఫోను చూస్తున్నాడు. ఆమెను చూసి లేచాడు.

"ఏం మేడం, నీళ్ళొస్తలేవా?"

"వస్తున్నాయి. వంటింటి కొళాయికి ఏ నీళ్ళొస్తున్నాయి రాఘవేందర్?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. "రెండూ కలిసొస్తయి మేడం. పైన ట్యాంకు నిండంగనే మంజీరా వస్తది, అది ఒడిస్తే మిషన్ నీళ్ళు. మధ్యల వాల్వ్ జర తెరిచి పెట్టిన. మంజీరా జల్దీ ఒడుస్తుంది, గందుకే ఎక్కువ మిషన్‌వే."

"ఎప్పటినుంచి?"

"శాన దినాలైంది మేడం."

"ఎప్పటినుంచో చెప్పు."

ఆమె గొంతు పెంచలేదు. పరీక్ష హాల్లో పిల్లవాడి పక్కన నిలబడి అడిగినట్టే అడిగింది. రాఘవేందర్ తల గోక్కున్నాడు.

"ఉగాది ముందు దినం. మీరే ఫోన్ చేసిన్రు గద మేడం. యాదికి లేదా? రేపు పండగ, వంటింట్ల చుక్క నీళ్ళు లేవు, ఏం చేస్తవో చెయ్యి, వంటింట్ల నీళ్ళు ఆగొద్దు అని మస్తు గరమైన్రు. ఆ వారం మంజీరా సరిగ్గ రాలే. నేనేం జెయ్యాలె? గీ వాల్వ్ తెరిచిన. అందరికీ ధారగ నీళ్ళొచ్చినయి. పండుగపూట మొదటి అంతస్తోళ్ళు బొబ్బట్లు సుత పంపిన్రు."

వసుమతికి గుర్తొచ్చింది. బడిలో పరీక్షల పని, చేతినిండా పేపర్లు, మెట్ల దగ్గర నిలబడి ఫోనులో అరిచింది. తర్వాత నీళ్ళు వచ్చాయి. ఎలా వచ్చాయని అడగలేదు. మినిట్స్ పుస్తకంలో రాసిన వాక్యాన్ని ఆమె తప్ప ఆ అపార్ట్‌మెంటులో ఇంకెవరూ చదివి ఉండరు.

"పండగయ్యాక మూసెయ్యలేదా?"

"ఎవ్వలూ ఏమనలే మేడం. గిన్నెలు తెల్లగైతలేవని అందరూ ఖుషీ అయిన్రు. నేను సుత ఊకున్న." అతను ఆమె ముఖం చూసి తగ్గాడు. "గలతైందా? మీటింగ్‌ల చెప్తరా? నా నౌకరి పోతది మేడం."

"మీటింగులో నేనే చెప్తాను. నేను చెయ్యమంటేనే చేశావని చెప్తాను. ముందు ఆ వాల్వ్ మూసెయ్."

అతను గబగబా లోపలికి వెళ్ళి, కూర్చుని చక్రం తిప్పాడు. ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఇంకొకటి అడగాలి. అడిగితే వచ్చే జవాబు ఏదైనా సరే, దాంతో మిగతా రోజులు బతకాలి.

"రాఘవేందర్, మా సారు నీకెప్పుడైనా పల్లీలు తెచ్చిచ్చారా?"

అతను చక్రం మీద చేతులుంచి వెనక్కి తిరిగాడు. మొదట అర్థం కానట్టు చూసి, తర్వాత చిన్నగా నవ్వాడు.

"తెచ్చేటోడు మేడం. నడక పోయొస్తుంటే, రెండు మూడు సార్లు. ఈడనే కూసునేటోడు, గీ మెట్టు మీద. నువ్వు తిను రాఘవేందర్, నేను చూస్త అనేటోడు."

"ఆయన తిన్నారా?"

"ఆఖరికి రెండు పలుకులు నోట్లె ఏసుకునేటోడు. ఉప్పు లుంగీకి తుడిచి మరీ. మీ మేడంకి చెప్పకు అనేటోడు." నాలుక కరుచుకున్నాడు. "రెండే మేడం."

వసుమతి ఆ మెట్టు వైపు చూసింది. సిమెంటు మెట్టు, అంచు విరిగింది. రెండు పలుకులు. తుడిచి మరీ.  పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాఘవేందర్ చూపు తిప్పుకుని, మూసిన వాల్వును మళ్ళీ మళ్ళీ బిగించాడు.

ఇంటికి వెళ్ళడానికి మెట్లెక్కిన మనిషి మొదటి అంతస్తులో ఆగిపోయింది. లోపలి నుంచి మాటలు వినిపిస్తున్నాయి. దివ్యశ్రీ వాళ్ళిల్లు. దాని నాయనమ్మ బుచ్చమ్మకు కూడా ఉప్పు తగ్గించమన్నారని, అయినా కాళ్ళు వాస్తున్నాయని ఆ వారమే ఎవరో అన్నారు. అప్పుడు విని ఊరుకుంది. తలుపు కొట్టింది.

దివ్యశ్రీ తలుపు తీసి, టీచర్ని చూసి భయపడింది. "రేపు మళ్ళ చేస్త టీచర్, సీసాలు కడిగి పెట్టిన."

"రికార్డు తీసుకురా అమ్మా. మీ అమ్మ ఉందా?"

దివ్యశ్రీ తల్లి సంగీత వంటింట్లోంచి వచ్చింది. హాల్లో బుచ్చమ్మ కుర్చీలో కూర్చుని, వాచిన పాదాలను పీట మీద పెట్టుకుని ఉంది. పక్కనే బల్ల మీద మామిడికాయ తొక్కు జాడీ, పంచాయితీలో సాక్ష్యంలా.

"మంచిగొచ్చిన్రు టీచర్" అంది సంగీత. "మీరన్న చెప్పున్రి. అత్తమ్మకు ఉప్పొద్దన్నరు, తొక్కొద్దన్నరు. చప్పటిదే వండుతున్న. అయినా చూడున్రి కాళ్ళు, బుంగలైనయి. దొంగతనంగ తింటదని మా ఆయనకు చెప్తె నమ్మడు."

"నీ తొక్కు ఎవ్వలు దింటరే? పోయినేటి తొక్కు, అండ్ల ఉప్పు తప్ప మామిడికాయ యాడుంది?" అంది బుచ్చమ్మ. "టీచరమ్మా, నా మనుమరాలి మీద ఒట్టు, నేను ముట్టలే."

వసుమతి సంచిలోంచి రుమాలు విప్పింది. వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి నాళికలో నీళ్ళు పట్టి హాల్లోకి వచ్చింది. ముగ్గురూ చూస్తుండగా ఒక చుక్క వేసి కుదిపింది. నురగ లేచింది. ఏం జరిగిందో మొదటినుంచి చెప్పింది. ఉగాది ముందు రోజు తాను చేసిన ఫోను సంగతితో సహా చెప్పింది. గొట్టాల్లో పాత నీళ్ళు పోయేదాకా రెండు రోజులు కింద నేలలో ఉన్న సంపు తొట్టిలోంచి మంజీరా నీళ్ళే పట్టుకోమంది. ఈ వాపు సంగతీ, నీళ్ళ సంగతీ రేపే డాక్టరుకు చెప్పమంది.

"మీ అత్తగారు తినలేదు సంగీతా" అంది. "నిజమే చెప్తున్నారు."

సంగీత జాడీ వైపు, అత్త వైపు చూసింది. జాడీ తీసి లోపల పెట్టొచ్చింది. బుచ్చమ్మ "ఇన్నవా?" అని దెప్పబోయింది గానీ, వసుమతి ముఖం చూసి ఆగింది. నెమ్మదిగా అడిగింది.

"మీ సారు సుత గీ నీళ్ళే తాగిండు గద బిడ్డా?"

"తాగారు."

"పాపం, ఆయన్ని సుత తిన్నవనే అన్నవా?"

"అన్నాను. తినలేదని ఒట్టు కూడా పెట్టుకున్నారు." వసుమతి నాళికలోని నురగను చూస్తూ చెప్పింది. "నేను నమ్మలేదు."

 బుచ్చమ్మ పీట మీద నుంచి కష్టంగా పాదాలు దించి, పక్కనున్న కుర్చీని ఒక చేత్తో ముందుకు లాగింది.

"కూసో. సంగీతా, టీచరమ్మకు చాయ్ పెట్టు." అని ఒక్క క్షణం ఆలోచించింది. "ఓ పిల్లా, నువ్వు బిందె పట్కపోయి రాఘవేందర్‌ను అడుగు. గా సంపుల నీళ్ళు తే ముందు."

దివ్యశ్రీ రికార్డు వసుమతి చేతికిచ్చి, బిందె తీసుకుని పరుగెత్తింది. వసుమతి కూర్చుని, రికార్డు ఒళ్ళో తెరిచింది. తాను ఎర్ర సిరాతో రాసిన 'మళ్ళీ చేయాలి' పేజీ అడుగున ఉంది. దాన్ని కొట్టేసింది. కింద 'విద్యార్థిని చెప్పినది సరైనదే' అని రాసి, సంతకం చేసి, తేదీ వేసింది.